తిన్నటి రోడ్డు మీద పట్టేసిన స్టీరింగు

మా పంచాయతీ సమితిలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఏడాదికోసారి విజయనగరంలో కలుస్తారు. కలిసిన ప్రతిసారీ జీపు పొలంలోకి దిగిన కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. అందరూ నవ్వుతారు. చెప్పేవాడు ఆ రోజు జీపులో లేడు, నవ్వేవాళ్ళూ లేరు. ఆ రోజు స్టీరింగు పట్టుకున్న నేను అదే గదిలో వెనక వరసలో కూర్చుని ఉంటాను. ఇన్నేళ్ళలో ఒక్కరైనా నా వైపు తిరిగి, అసలు ఏం జరిగిందని అడగలేదు. అడగనివాళ్ళకి చెప్పడం దేనికని ఊరుకున్నాను. ఊరుకునే ఓపిక కూడా ఇప్పుడు అయిపోయింది.

అరవైల చివరి సంగతి. మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన జీపు ఒకటి చేతులు మారి మారి మా సమితి ఆఫీసుకి వచ్చింది. దానికి డ్రైవర్ని నేను. గజపతినగరం వైపు మట్టిరోడ్లూ, రామతీర్థం వైపు గతుకులూ తిరిగి తిరిగి దాని స్టీరింగు వదులైపోయింది. చక్రం జానెడు తిప్పినా ముందు టైర్లకి కబురందేది కాదు. ఈ వదులునే మేము ఆట అంటాం.

ఆఫీసరు గారు బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చారు. చదువుకున్నవారు, చెడ్డవారని అనను. "బాబూ, స్టీరింగులో ఆట ఉన్నాది, సూపించాల" అన్నాను. ఆయన ఫైలు మీంచి తలెత్తకుండా, "ఆఫీసు పనిలో ఆటలేమిటయ్యా?" అన్నారు. పక్కనున్న గుమస్తా గట్టిగా నవ్వాడు. సరేనని లాగ్‌బుక్కులో రాశాను. మూడుసార్లు రాశాను. మూడోసారి ఆయన సంతకం నా రాత మీదే పడింది. స్టీరింగు అన్న మాట సగం సంతకం కింద కప్పబడిపోయింది.

పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని తెలిశాక మాత్రం, జీపుని విజయనగరంలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళమన్నారు. అక్కడి మెకానిక్కు నా ఈడువాడే. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. షెడ్డు ముందు నేల వాలుగా ఉండేది, మా జీపుకి హ్యాండుబ్రేకు పట్టేది కాదు. అందుకని ఎక్కడ ఆపినా చక్రాలు పూర్తిగా ఎడమకి కోసి, అంటే తిప్పేసి, గోడకో రాయికో ఆనించడం నాకు అలవాటు. అక్కడా అలాగే ఆనించాను.

మెకానిక్కు స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "ఇదేటి బావా, ఇందులో ఉయ్యాల కట్టి పిల్లల్ని ఊపొచ్చు!" అన్నాడు. జీపు ఉన్నది ఉన్నట్టుగానే, స్టీరింగు కాడ కింద పళ్ళచక్రాలుండే స్టీరింగు పెట్టె పక్కన మర బిగించాడు. మళ్ళీ ఊపి చూశాడు. ఆట లేదు. "ఎల్లు. ఇంక మీ ఆఫీసరు బాబుని పల్లకీలో తీసుకెల్లినట్టు తీసుకెల్లు" అన్నాడు.

ఊరు దాటకముందే నా భుజాలకి తెలిసింది. తిన్నటి రోడ్డు మీద స్టీరింగు పట్టేస్తోంది. వేలెడు ఇటు జరిపితే ఇటే ఉండిపోతుంది, తనంతట తాను వెనక్కి రాదు. బలం చేసి లాగితే ఒక్కసారిగా వదిలి, అవసరానికి మించి అటు పోతుంది. మలుపులో మాత్రం నూనె రాసినట్టు తిరుగుతోంది.

నాకు చేతనైనవన్నీ చూశాను. ముందు టైర్లలో గాలి తక్కువైతే స్టీరింగు బరువెక్కుతుంది, గాలి చూస్తే సరిగ్గానే ఉంది. చక్రాలు తిరిగే చోటుండే పిన్నులు ఎండిపోయినా బరువెక్కుతుంది, వాటికి గ్రీజు పట్టించాను. కడ్డీల కీళ్ళకి పట్టించాను. ఏమీ మారలేదు. అసలు ఆ జబ్బులైతే మలుపులో బరువుండాలి, ఇది మలుపులోనే తేలిక. రోజూ ముప్పై నలభై మైళ్ళు ఆ చక్రంతో కుస్తీ పట్టి ఇంటికొస్తే అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడానికి చెయ్యి లేచేది కాదు.

మళ్ళీ ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. "తిన్నటి రోడ్డులో పట్టేస్తన్నాది బాబూ. మలుపులో బాగానే తిరుగుతాది" అన్నాను.

ఆయన ఈసారి తలెత్తి చూశారు. "తిన్నగా పోయే రోడ్డులో స్టీరింగు ఎందుకు తిప్పుతావయ్యా?"

గది గదంతా నవ్వింది. తిన్నటి రోడ్డు మీద కూడా డ్రైవరు చెయ్యి క్షణం ఆగదని, గతుక్కీ గాలికీ బండి పక్కకి జరుగుతుంటే కొంచెం కొంచెంగా సర్దుతూనే ఉంటుందని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ మాట గుమ్మం దాటాక తోచింది. అప్పటికి ఆయన ఫైల్లో మునిగిపోయారు.

శ్రావణమాసంలో, వరి నాట్లు పడే ఉడుపుల రోజుల్లో, ఆయన్ని ఎక్కించుకుని రామతీర్థం వైపు వెళుతున్నాను. ఎదురుగా బస్సు వచ్చింది. దారిచ్చి ఎడమకి జరిగాను. బస్సు పోయింది. రోడ్డెక్కుదామని కుడికి లాగితే స్టీరింగు కదల్లేదు. ఎడమ చక్రం గట్టు దిగబోతోంది. రెండు చేతులా లాగాను. ఒక్కసారిగా వదిలింది. జీపు రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి కుడివైపు మడిలోకి దిగి, మోకాలి లోతు బురదలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు గట్టు మీదకి పరిగెత్తి, మేము కదలడం చూశాక నవ్వడం మొదలుపెట్టారు.

రైతు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఏటి బాబూ, ఎద్దులకి సెలవిచ్చి జీపుతో దమ్ము పట్టేత్తన్నారేటి?"

"సర్కారోరి నాగలే మావా! నువ్వు కూకో, ఆల్లే దున్నుతారు" అంది ఒకావిడ.

"దున్నితే దున్నీరు గానీ, నాటిన సేను దున్నుతారేటే?" అన్నాడతను. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు. అయినా తన ఎద్దుల్నే కట్టి మమ్మల్ని పైకి లాగాడు. నేను అతనికి దండం పెట్టాను.

ఆఫీసరు గారి చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. ఒంటి చెప్పుతోనే రోడ్డెక్కారు. ఎక్కాక, "బిగుసుకుపోయింది స్టీరింగు కాదు, నీ చేతులు" అన్నారు. తిరుగుదారిలో నా పక్క సీటు వదిలేసి వెనక కూర్చున్నారు. పదిహేను మైళ్ళు ఆ ఖాళీ సీటు పక్కన పెట్టుకుని నడిపాను.

వారంలో కాగితం వచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం ఎక్కింది: "అజాగ్రత్తపరుడు, వాహనం నడుపుటకు తగడు." మూడు రోజుల్లో తాళాలు అప్పగించి, అటెండరుగా చేరమన్నారు.

ఆ మూడు రోజుల్లో జీపు ముందు భాగం జాకీ మీద లేపాను. స్టీరింగు పెట్టె నుంచి చక్రాలకి పోయే కడ్డీ ఊడదీశాను. చక్రాల్ని చేత్తో తోస్తే హాయిగా తిరిగాయి. అంటే జబ్బు చక్రాల దగ్గర లేదు. కడ్డీ లేకుండా స్టీరింగు తిప్పాను. ఆ చివరా ఈ చివరా వదులుగా ఉంది, సరిగ్గా నడుమకి వచ్చేసరికి పట్టేసింది. జబ్బు పెట్టెలో ఉంది. బండి తిన్నగా పోయేటప్పుడు ఆట ఉండకూడదని ఆ పెట్టెని నడుమ బిగువుగా, చివరల వదులుగా చేస్తారు. మర బిగించేటప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి. చివరకి తిప్పి ఉండగా ఆట పోయేదాకా బిగిస్తే నడుమకొచ్చేసరికి ఊపిరాడదు.

చక్రాలు తిన్నగా పెట్టి, మర వదులు చేసి, ఆట పోయేంత వరకే తిరిగి బిగించాను. కడ్డీ తగిలించి ఆఫీసు చుట్టూ నడిపి చూశాను. రెండు వేళ్ళతో తిరిగింది. సంతోషం రాలేదు. దిగి, మెట్టు మీద కూలబడ్డాను.

మర్నాడు విజయనగరం వెళ్ళాను. జరిగిందంతా మెకానిక్కుకి చెప్పి, తప్పు బిగింపులోనే ఉందని ఒక ముక్క రాసిమ్మని అడిగాను.

"సక్రాలు గోడకి కోసి ఎట్టినోడు ఎవడు బావా? నువ్వే కదేటి!"

"ఎట్టింది నానే. తిన్నగా ఎట్టి బిగించాలని నీకు తెల్దేటి?"

"తెలుసు. ఆ రోజు తోసలేదు." చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "నోటితో ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాను. కాయితం మీద రాస్తే రేపు నా సెడ్డుకి ఏ బండి వస్తాది, సెప్పు?"

రాయలేదు. మళ్ళీ అతని షెడ్డు గడప తొక్కలేదు నేను.

కొత్త డ్రైవరు వచ్చాడు. నేను బాగుచేసిన జీపునే నడిపాడు. నెల తిరక్కుండా ఆఫీసరు గారు నలుగురిలో అన్నారు, "చూశారా, చెయ్యి మెత్తనిదైతే బండి ఎంత మెత్తగా పోతుందో." నేను అప్పుడు ఆయన బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెడుతున్నాను. రిజిస్టరులో ఆ వాక్యం కొట్టేయమని ఆ పూటే అర్జీ రాసిచ్చాను. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారికి ఒకటి, ఆయన తర్వాతవారికి ఒకటి. తీసుకున్నట్టు ముద్ర వేసిచ్చారు, జవాబు ఇవ్వలేదు. అటెండరుగానే రిటైరయ్యాను. మళ్ళీ ఏ బండి స్టీరింగూ నా చేతికి రాలేదు.

చక్రాలు కోసి ఆపింది నేనే. అంతవరకు తప్పు నాది, ఇక్కడ నేనే ఒప్పుకుంటున్నాను. పట్టేస్తోందని నోటితో చెప్పాక, ఆ బండినే నడపమన్న తప్పు నాది కాదు. ఆ ఆఫీసరు గారు ఇప్పుడు విజయనగరంలోనే ఉంటున్నారు, కళ్ళు బాగానే కనిపిస్తున్నాయని విన్నాను. అయ్యా, ఇది చదవండి. "నడుపుటకు తగడు" అన్న వాక్యం తప్పని రాస్తారా, ఒప్పేనని రాస్తారా? మీ ఇష్టం. ఏదో ఒకటి మీ చేత్తో రాసి, కింద సంతకం పెట్టి పంపండి. ఈసారి నాకు జవాబు కావాలి.