వాళ్లు చెప్పిన పేరు

ఈ మాటను పాతికేళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల్లో హిందూపురంలో, పట్టుగూళ్ల నుంచి దారం తీసే ఒక యూనిట్లో గుమాస్తాగా పనిచేశాను. పాత మేస్త్రీ మానేస్తే, కొత్తగా ఎవరు కావాలో పనిచేసే ఆడవాళ్లనే అడిగి రమ్మన్నాడు యజమాని. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. అందరూ ఖాసింబీ పేరే చెప్పారు. మూలన, గూళ్లు ఉడికే వేడినీళ్ల బేసిన్ దగ్గర దారం తీసే మనిషి. ఆమె గొంతెత్తగా ఎన్నడూ వినలేదు. ఆ ఆవిరిలోంచి ఆమె తలెత్తి చూస్తే చాలు, పని సర్దుకునేది. అది నేను రోజూ చూస్తున్నదే.

అయినా యజమానికి, గూళ్ల బస్తాలు మోసే రంగప్ప పేరు చెప్పాను.

ఎందుకు? రంగప్ప నాకు చుట్టమా, స్నేహితుడా? ఏమీ కాడు. ఎత్తరి, కేకేస్తే రోడ్డు దాకా వినిపించేది. మేస్త్రీ అంటే నా మనసులో ఎప్పుడో కుదురుకున్న రూపం అది. పాపం, ఆడవాళ్లు తెలియక చెప్పారు, నేను సరిదిద్దుతున్నాను అనుకున్నాను. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే నాకు భయమేసేది అందుకే.

ఆ సాయంత్రం ఖాసింబీ వచ్చింది.

“నా పేరు ఎవురూ చెప్పలేదా అన్నా?”

“లేదమ్మా. అందరూ రంగప్పే కావల్లన్నారు.”

“ఒక్కరన్నా?”

“ఒక్కరు గూడా లేదు.”

చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. యజమానే కాదన్నాడని ఆడవాళ్లు అనుకున్నారు. తోటివాళ్లే వద్దన్నారని ఆమె అనుకుంది, ఎవరినీ అడగలేదు. ధర్మవరంలో చెల్లెలి ఇంటికి చేరి, అక్కడే చనిపోయిందని తర్వాత విన్నాను.

రంగప్ప కేకేసినప్పుడల్లా షెడ్డులో తలలన్నీ ఆ మూలకు తిరిగేవి. అక్కడ ఎవరూ లేరు. పక్క బేసిన్ల ఆవిరి తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం అటే చూసి, ఎవరో సరేనన్నట్టు తలాడించి, అప్పుడు చేతులు కదిపేవారు. వాళ్లకు సరేనన్నది ఎవరు? ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు, కొత్తగా చేరినవాళ్లు కూడా కొన్నాళ్లకు అటు తిరగసాగారు. ఒకరోజు నా తల కూడా తిరిగింది. ఆ నెలే పని మానేశాను.

ఇవాళ పెనుకొండలో, మా వీధి నీళ్ల ట్యాంకు చూసుకోవడానికి మనిషిని ఎన్నుకున్నాం. ఇద్దరు నిలబడ్డారు. వాళ్లు చెప్పేది పూర్తిగా వినకముందే, గొంతు పెద్దదైనవాడి కోసం నా చెయ్యి లేచిపోయింది. దించబోయాను. అప్పటికే లెక్కపెట్టేశారు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మీరు క్షమించేదీ లేదు, క్షమించాల్సిన మనిషీ లేదు. ఒక్కసారైనా ఈ మాట బయటికి రావాలి, అంతే.

అందరూ నీ పేరే చెప్పినారమ్మా, ఖాసింబీ.