చుట్టాల కోసం గట్టి సీటు

మా పక్కింటి ఆంటీ పోయారన్న కబురు వచ్చేసరికి, మా సోఫా విప్పడానికి వచ్చిన మనిషి సుత్తీ పట్టకారూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గోడ అవతలి నుంచి ఆంటీ కోడలు చెప్పింది: "దీదీ, అత్తయ్య వెళ్ళిపోయారు. నిద్రలోనే." నేను ఆ మనిషితో, "భయ్యా, ఆజ్ నహీఁ" అని చెప్పి పంపేశాను. ఆ సోఫా సీట్లు ఆవిడ చేతుల్లో తయారైనవి. ఆవిడని మట్టిలో పెట్టకముందే ఆవిడ పని విప్పించడానికి మనసొప్పలేదు. తరువాతైనా ఒప్పుతుందో లేదో అప్పటికి నాకే తెలియదు.

మా దీవిలో, ఈ బతు బస్తీలో చాలా ఇళ్ళల్లో ఉండే సామాను ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయినవాళ్ళదే. మాదీ అంతే. చాలా ఏళ్ళ కిందట మావారి ఆఫీసులో ఒక పెద్దాయన మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళిపోతూ, ఇక్కడి అడవుల్లో దొరికే పడాక్ కర్ర సామాను ఓడ ఎక్కించడానికి పర్మిట్ల చుట్టూ తిరగలేక ఆ సోఫా మాకు వదిలేశారు. కర్ర నిక్షేపంగా ఉంది. లోపలి ఫోమ్ మాత్రం ఉప్పుగాలికి పొడైపోయింది. కూర్చుని లేచినవాళ్ళ వెనక పసుపు పూసినట్టుండేది.

మిడిల్ పాయింట్ బజారులో ఒక షాపువాణ్ణి రేటడిగి వచ్చి లెక్క వేసుకున్నాను. ఆ నెల సోఫా అయినా ఉండాలి, పాలైనా ఉండాలి. ఆంటీ విని, "అంత డబ్బు పెడితే సోఫా ఎందుకే, అందులో కూర్చునే మనిషినే మార్చుకోవచ్చు" అన్నారు. పేపరు వెనక నుంచి మావారు దగ్గారు.

"నేను చేస్తా" అన్నారు ఆంటీ.

"మీకు వచ్చా ఆంటీ?"

"మా ఇంట్లో కుర్చీ విప్పా కదా. విప్పడం వస్తే సగం పని వచ్చినట్టే."

ఆ కుర్చీ ఇంకా విప్పినట్టే ఉందని నాకు తరువాత తెలిసింది.

ఫోమ్ బదులు కొబ్బరి పీచు వాడదామన్నారు. మా వీధిలో కొబ్బరి డొక్కలకు కరువు లేదు. నానబెట్టాం, ఉతికాం, డాబా మీద ఎండబెట్టాం. వాసనకి అటుపక్కవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నేను టేపుతో కొలిచి కాగితం మీద బొమ్మ గీసుకుంటే, ఆవిడ మూరేసి కత్తిరించేవారు. నా బొమ్మ ప్రకారం మూడు సీట్లూ ఒకే ఎత్తు రావాలి. ఆవిడ మూర ఉదయం ఒక పొడవు, భోజనం చేశాక ఇంకో పొడవు. మేకులు నోట్లో పెట్టుకునే కీర్తనలు పాడేవారు. అందుకే నాకు ఆ కీర్తనల రాగాలే వచ్చు, మాటలు రావు.

పైగుడ్డ వాళ్ళ చర్చిలో తీసేసిన పాత కర్టెన్లది. ఒకసారి పాస్టర్‌గారు ఆవిడ కోసం మా ఇంటికే వచ్చి, కూర్చున్నాక చేత్తో తడిమి చూశారు. "ఈ గుడ్డ ఎక్కడో చూసినట్టుందే" అన్నారు.

"ఇన్నాళ్ళూ అది మీ ప్రసంగం విందండీ. ఇక కాస్త కూర్చోనివ్వండి" అన్నారు ఆంటీ.

మొదటి రెండు సీట్లూ పూర్తయ్యాక, మావారి మేనమామ శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వస్తున్నట్టు ఫోనొచ్చింది. ఆయన మంచివాడే. కాని వచ్చినప్పుడల్లా, తిరిగి వెళ్ళడానికి ఏ ఓడకీ టిక్కెట్టు దొరికేది కాదు. నా మొహం చూసి ఆంటీ రోకలి తెమ్మన్నారు. ఉన్న పీచంతా మూడో సీటులో కూరి, దాన్ని రోకలితో దంచారు.

"పాపం కాదా ఆంటీ?"

"పాపమేంటే? మర్యాదగానే కూర్చోబెడుతున్నాం. లేవడం వాళ్ళిష్టం."

మావయ్య వచ్చి నేరుగా ఆ సీటులోనే కూర్చున్నారు. మేమిద్దరం వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాం. ఆయన నడుం నిటారుగా లేచింది. "ఏటమ్మా ఇది, సోఫాయా, బల్లా?" అన్నారు. ఆంటీ నా చెయ్యి గిల్లారు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, మావయ్య మొహం వెలిగిపోతూ వచ్చారు. "అమ్మీ, నా నడుంనొప్పి పోనాది! గట్టి దాని మీద కూకోమని మా డాక్టరు మొత్తుకున్నా నాను ఇన్లేదు. ఈ ఓడకొద్దులే, పై ఓడకెల్తాను."

 ఆంటీ వంటింట్లోకి వచ్చి, "ఛోడో, పోనీలే. నేను చేసిన తప్పు నేనే దిద్దుతా" అన్నారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం మావయ్య నిద్ర లేవకముందే వచ్చి ఆ సీటులో కూర్చునేవారు.

"నాకూ నడుం ఉంది బాబూ" అనేవారు.

"ఉంటే మీ ఇంట్లో కూకోవచ్చు గదండీ" అనేవారు మావయ్య.

"మా ఇంట్లో కుర్చీ విప్పి ఉంది."

మావయ్య పై ఓడకి కాదు, ఆ పై ఓడకి వెళ్ళారు. ఆంటీ మాత్రం ఆ సీటు వదల్లేదు. మెత్తటి దాంట్లో కూర్చోమంటే, "నువ్వు టీ పెట్టేలోపు నిద్రపోతానే" అనేవారు. పీచు గుచ్చుకుంటే తలలోంచి పిన్ను తీసి లోపలికి నెట్టి, "ఇంకా బతికే ఉంది ముండ" అని తిట్టేవారు. మా అత్తగారు పోయినప్పుడు, మా అమ్మాయి పరీక్ష తప్పినప్పుడు, సునామీ పుకారు లేచి ఊరంతా గుట్టెక్కి దిగినప్పుడు కూడా ఆవిడ వచ్చి కూర్చున్నది అక్కడే.  అప్పుడూ టీ చల్లారిందని దెబ్బలాడేవారు.

ఈమధ్య మోకాళ్ళు పట్టేసేవి. లేవబోయి మళ్ళీ కూలబడి, "లేవడం వాళ్ళిష్టం అన్నానే! చూడు, ఇప్పుడు నా ఇష్టం కూడా కాదు. చెయ్యియ్యి" అనేవారు. ఇద్దరం నవ్వుకుంటూ ఉంటే లేపడం ఇంకా కష్టమయ్యేది.

సమాధి అయిన తరువాతి వారం సోఫా మనిషి మళ్ళీ వచ్చాడు. చిరిగిన పైగుడ్డ తీసి, మూడు సీట్లూ అరచేత్తో నొక్కి చూశాడు. మూడోదాని దగ్గర ఆగాడు.

"దీదీ, యే వాలా దబ్ గయా హై. మధ్యలో గడ్ఢా పడింది. మొత్తం విప్పి ఫోమ్ డాల్ దేతా హూఁ, మూడూ బరాబర్ అవుతాయి."

నేనూ వంగి చూశాను. రోకలితో దంచిన ఆ పీచులో, నిజంగానే, ఒక మనిషి పట్టేంత గుంట. ఏ చుట్టానికీ లొంగని సీటు అది. మూడు సీట్లూ ఒకే ఎత్తులో ఉండాలని మొదట బొమ్మ గీసినదాన్ని నేనే. మావారు నా వైపు చూశారు.

"ఆ రెండింటికీ ఫోమ్ వెయ్యి భయ్యా. దీనికి గుడ్డ మాత్రం మార్చు."

"గుడ్డ లూజుగా ఉంటుంది దీదీ. బాగోదు. తరువాత నన్ను అనకూడదు."

"అనను."

అతను తల అడ్డంగా ఊపుతూనే మేకులు కొట్టాడు. సాయంత్రం అతను వెళ్ళాక టీ కలుపుకుని వచ్చి మొదటి సీటులో కూర్చున్నాను. కొత్త గుడ్డ రెండు సీట్ల మీద డప్పులా బిగిసి ఉంది. మూడోదాని మీద లోపలికి కాస్త జారింది. ఆ జారినచోట, అప్పుడే, ఒక కొబ్బరి పీచు పోగు కొత్త గుడ్డని పొడుచుకుని పైకి లేచి, ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగుతోంది.