అరవై కిలోలు లేచాయి!

ఇరవై ఏళ్లు బీడీలు చుట్టినదాన్ని, నా చేతులకు తొందర అలవాటు. కోరుట్ల జిమ్‌లో నేల మీది బరువును పైకెత్తే డెడ్‌లిఫ్ట్ చేసేటప్పుడూ అంతే. బార్ పట్టుకోగానే ఒక్క గుంజు గుంజుతాను. నడుము వంగిపోతుంది, బరువు మాత్రం కదలదు. ఈ రోజూ రెండుసార్లు అలాగే అయింది. నాకు నేర్పే నా కూతురు ఇక చూడలేక దగ్గరికొచ్చింది.

“అమ్మా, గంత జల్ది ఎందుకే? ముందుగాల నడుము సీదా పెట్టు, ఊపిరి బిగవట్టు. గప్పుడు కాళ్లతోని నేలను గట్టిగ తొక్కు. బార్ లేసినంకనే స్పీడు!”

“సరే బిడ్డా, గట్లనే చేస్త,” అన్నాను.

చేశాను. అరవై కిలోలు మోకాళ్లు దాటి సర్రున పైకొచ్చాయి! నాకంటే గట్టిగా నా కూతురే కేక వేసింది. ఇద్దరం గంతులేశాం.

మా ఆయన బరువు అరవై ఎనిమిది. ఇంకెంతో దూరం లేదు. ఈ మాట ఆయనకు ఇప్పుడే చెప్పమంటారా, ఆగమంటారా?