దొరకని రాయి

పంపుసెట్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవి మేస్త్రీ అనేవారు. మోటారుకు చెవి ఆనించి, విప్పకుండానే జబ్బు చెప్పేవాడు. ఆయనకు ఒళ్లు మండేది ఒకే రకం మనుషులతో. మోటారు కాలిన వాసన గుప్పుమంటున్నా, నీళ్లు లేకుండా నడిపావా అని అడిగితే "అబ్బే" అనేవాళ్లతో.

అలాంటి మేస్త్రీకి ఆర్నెల్లుగా పొట్ట పైభాగాన నొప్పి. తిన్న అరగంటకు మొదలై వీపులోకి పొడుచుకుపోయేది. ఆస్పత్రిలో మూడుసార్లు స్కానింగు తీశారు. మూడుసార్లూ ఒకటే మాట. పైత్యరసం దిగే గొట్టం ఉబ్బింది, క్లోమం నుంచి వచ్చే గొట్టమూ కాస్త లావెక్కింది, అడ్డుపడిన రాయి మాత్రం కనబడటం లేదు.

రేపు నోట్లోంచి గొట్టం దింపి వెతుకుతామన్నారు. దానివల్ల క్లోమం వాచవచ్చనీ, ఒక్కోసారి ప్రాణం మీదికి రావచ్చనీ చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

"ఆర్నెల్లయినా రాయి దొరకలేదు. నేనైతే ఈపాటికి వంద మోటార్లు విప్పి బిగించేవాణ్ణి" అని వార్డు మంచం మీద కూర్చుని విసుక్కున్నాడు మేస్త్రీ.

"మోటార్ల సంగతి తర్వాత చెబుదురుగాని, ముందా చేతిలోది ఏంటి?" అంది భార్య.

నల్లమందు ఉండ. పన్నెండేళ్ల కిందట బావిలోకి పంపు దింపుతూ నడుం పట్టేసినప్పుడు మొదలైంది.

"స్కానింగుకూ వేసుకునే వెళ్లారా?"

"మూడుసార్లూ. కదలకుండా పడుకోమంటారుగా, అందుకని ఇంకోటి ఎక్కువే వేశా."

"డాక్టరమ్మకు చెప్పారా?"

"నడుం మందుకీ పొట్టకీ సంబంధం ఏంటే?"

"ఏమైనా అలవాట్లున్నాయా అని ఆవిడ అడిగితే అబ్బే అన్నారు. మోటార్లు తెచ్చేవాళ్లను తిడతారే, అచ్చం వాళ్లలాగే. పరువంటూ నా నోరూ కట్టేశారు."

మేస్త్రీ ఉండను పొట్లంలో చుట్టేశాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, భార్యతో డాక్టరమ్మ గదికి నడిచాడు.

డాక్టరమ్మ విని, చేతిలో కాగితం పక్కన పెట్టింది.

"ఆ గొట్టాల చివర బిగుసుకునే కండరం ఉంటుంది. నల్లమందు దాన్ని ఇంకా బిగిస్తుంది. రసం దిగక వెనక ఉబ్బుతుంది, రాయి లేకపోయినా. మొదటిరోజే చెప్పి ఉంటే ఇంత వెతుకులాట ఉండేది కాదు."

"అయితే ఇదేనంటారా?"

"కావచ్చు. ఇప్పుడే తేల్చలేను. రేపటిది మాత్రం ఆపుదాం. ముందు ఇది తగ్గించి, మళ్లీ చూద్దాం."

"ఈ క్షణమే మానేస్తానమ్మా."

"వద్దు. ఒక్కసారిగా మానితే తట్టుకోలేరు. నేను కొలత ప్రకారం తగ్గిస్తాను. రోజుకు ఎన్ని?"

"రెండు."

భార్య గొంతు సవరించుకుంది.

"నాలుగు" అన్నాడు.

"తప్పు లెక్క చెబితే నా కొలత తప్పుతుంది" అంది డాక్టరమ్మ.

మేస్త్రీ నేలను చూశాడు. "ఏడు."

డాక్టరమ్మ రాసుకుంది. భార్య మెల్లగా తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆవిడకు తెలిసింది నాలుగే.