ఎనిమిదో గడి

మా అమ్మాయి పదో క్లాసులో ఉండగా, ఫిబ్రవరిలోనే టెక్సస్‌లో మా ఫ్రిస్కో ఊరి తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపు వేసవి సెలవుల మీద పడింది. ఒకరి అబ్బాయి యూనివర్సిటీలో రీసెర్చ్‌కి వెళ్తున్నాడు. ఒకరి అమ్మాయికి రోబోటిక్స్ క్యాంపు. ఇంకొకావిడ ఏకంగా పదిహేనేళ్ళ పిల్లాడి చేత సేవాసంస్థ పెట్టించేస్తోంది. కాలేజీ అప్లికేషన్‌లో పిల్లల యాక్టివిటీలు రాయడానికి పది గడులుంటాయి. అవి నిండకపోతే పిల్లల బతుకు బండలైపోతుందని మా అందరి గట్టి నమ్మకం. నేనూ ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నాను. ఏడు గడులు నిండాయి. ఖాళీగా ఉన్న మూడూ పొద్దున్నే కాఫీ తాగుతుంటే కళ్ళ ముందు ఆడేవి.

అప్పుడే మా కమ్యూనిటీ పూల్‌లో లైఫ్‌గార్డ్ ట్రైనింగ్ ఇస్తున్నారని గ్రూపులో ఎవరో పెట్టారు. ఈతకొచ్చిన వాళ్ళు మునిగిపోకుండా కాపలా కాసే పని అది. నాకు అందులో కాపలా కనబడలేదు, ఎనిమిదో గడి కనబడింది. లీడర్‌షిప్ కింద రాసుకోవచ్చు కదా అని అప్పటికప్పుడే పేరిచ్చేశాను.

అమ్మాయి మొహం మాడ్చుకుంది. వీణకీ చదరంగానికీ పేరిచ్చినప్పుడూ అలాగే మాడ్చుకుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ ఈసారి సంగతి వేరుగా తిరిగింది. పూల్‌లో లోతు వైపు అడుగున పది పౌండ్ల ఇటుక వేస్తారు. మునిగి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒడ్డుకి తేవాలి. మొదటి వారం తన వల్ల కాలేదు. ఇంటికొచ్చేదాకా కారులో ఏడుస్తూనే ఉంది. మానేయమన్నాను, వినలేదు. రెండో వారం జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా పరిగెత్తుకొచ్చి కారెక్కింది.

"అమ్మా, బ్రిక్ తెచ్చాను! ఐ డిడ్ ఇట్!"

ఏ మెడల్ వచ్చినప్పుడూ ఆ గొంతు వినలేదు నేను. ట్రైనింగ్ అయ్యాక తనకీ, తన స్నేహితురాళ్ళిద్దరికీ అదే పూల్‌లో పని దొరికింది. ముగ్గురి షిఫ్టులూ కలిసేలా చూసుకుని, వంటింటి క్యాలెండర్ మీద జూన్, జూలై నిండా ఎర్ర పెన్నుతో రాసిపెట్టింది.

మే చివర్లో, పూల్ తెరిచే ముందు, ఉద్యోగం ఫారం వచ్చింది. నేను పప్పులోకి పోపు వేస్తున్నాను. తను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపుతోంది.

"అమ్మా, నా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఏంటి?"

స్టవ్ కట్టేశాను. ఇక్కడ ఉద్యోగం చేయాలంటే ఆ నంబరు ఉండాలి, తనకి లేదు. నాలుగేళ్ళ పిల్లగా మాతో వచ్చింది, ఇప్పటికీ హెచ్-ఫోరే. అంటే మా ఉద్యోగాల వీసాకి తోక. దాని మీద పిల్లలు పనిచేయకూడదు. ఇది నాకు తెలియక కాదు. నేనే ఆరేళ్ళు ఆ వీసా మీద ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని. మా కాగితాల్లో ఏ తేదీ ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయినా తట్టలేదు. అది ఉద్యోగమని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు మరి, నాకది యాక్టివిటీ.

"నీకు లేదు నాన్నా. మన వీసా మీద నువ్వు వర్క్ చేయకూడదు."

"వాట్? అందరూ చేస్తున్నారు కదా!"

"వాళ్ళు ఇక్కడ పుట్టారు."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

పెన్నుకి మూత పెట్టేసి మేడ మీదికి వెళ్ళిపోయింది. నాలుగు అరుపులు అరిచినా బాగుండేది.

మర్నాడు లాయరుకి మెయిల్ పెడితే, పనిచేస్తే వీసాకే ఎసరు అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. నా మనసు ఒప్పుకోలేదు. పూల్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, జీతం వద్దండీ, ఊరికే చేస్తుంది అని బతిమాలాను. ఆవిడ నన్ను వింతగా చూసి, జీతమిచ్చే పనిని ఎవరి చేతా ఊరికే చేయించుకోకూడదని చెప్పింది. తల కొట్టేసినట్టయింది. ఈ దేశం మీద, ఆ రూలు మీద, గ్రూపులో ఆ సంగతి పెట్టినావిడ మీద కూడా కోపం వచ్చింది. ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను.

వేసవంతా తను లైబ్రరీలో పుస్తకాలు సర్దింది, గుళ్ళో ప్రసాదం పంచింది. ఎనిమిది, తొమ్మిది గడులు నిండాయి. నాతో మాత్రం అవును, కాదు, సరే, అంతవరకే మాటలు. పూల్ పక్కనుంచి కారు వెళ్తుంటే ఫోన్‌లోంచి తలెత్తేది కాదు. ఎత్తు కుర్చీల మీద ఎర్ర స్విమ్‌సూట్లలో కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలూ నాకే కనబడేవారు. క్యాలెండర్ మీద ఎర్ర రాతలు అలాగే ఉన్నాయి. తను కొట్టేయలేదు, కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆగస్టులో స్కూల్ తెరిచే ముందు, కొత్త క్లాసుల షెడ్యూల్ తీసుకోవడానికి వెళ్ళాం. ఎండకి కమిలిన ముక్కులతో ఆ స్నేహితురాళ్ళు వరుసలో ముందున్నారు. పూల్ కబుర్లు చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. మా అమ్మాయి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. కౌన్సెలర్ ఒక కాగితమిచ్చి, వేసవిలో ఏం చేశారో నింపి తెమ్మంది. కారులో కూర్చున్నాక తను దాన్ని ఒళ్ళో పెట్టుకుని పెన్ను తీసింది, ఏమీ రాయలేదు. నా నోరు ఊరుకోదు కదా.

"లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ ఉందిగా, అది రాయి."

"నేను ఎవర్నీ గార్డ్ చేయలేదు అమ్మా."

నా వైపు తిరిగింది. మే నెల తర్వాత సూటిగా నా మొహంలోకి చూడటం అదే మొదలు.

"ఇంకా నేను ఏమేం చేయకూడదో ఇప్పుడే చెప్పు. ఆల్ ఆఫ్ ఇట్. మళ్ళీ నువ్వే పంపించి, నువ్వే ఆపొద్దు."

కాగితం వెనక్కి తిప్పి, పెన్ను నా చేతిలో పెట్టింది. తనకి ఇరవై ఒకటి నిండిన రోజున మా వీసాకున్న ఈ తోక తెగిపోతుంది, ఆ తర్వాత ఈ దేశంలో ఉండాలంటే తనకి వేరే వీసా కావాలి, లేకపోతే వెళ్ళిపోవాలి. అప్పటికి మా గ్రీన్‌కార్డ్ వచ్చే ఆశ లేదు. అది తను పుట్టినరోజు కేకు కోసిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చే లెక్క, ఎన్నడూ పైకి అననిది. స్టీరింగ్ మీద కాగితం ఆనించి, మొదటి వరసలో అదే రాశాను.