దొంగ తాతకి గారెలు

కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో, టోవా పాయో పేటలో మా ఫ్లాట్‌లో ఒక గది అమెరికా కుర్రాడికి అద్దెకిచ్చాను. వాళ్ళది ఇంగ్లీషు వంశం. అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు కింద ఉన్నప్పుడు ఓడెక్కి వెళ్ళిన తాతల నాటి తాత ఎవరా అని కంప్యూటర్‌లో వెతికేవాడు. ఎంగిలి చెయ్యైనా కడగకుండా తెర మీద వేలు పెట్టి "ఇతనే ఆంటీ!" అనేవాడు. మర్నాడు తల గోక్కుంటూ, ఇక్కడివాళ్ళ యాసలో "నో లా, ఆంటీ! ఇతను కాదు" అనేవాడు.

చివరికి ఒకే పేరుతో ఇద్దరు మిగిలారు. ఒకడు వడ్రంగి, ఒకడు గొర్రెను దొంగిలించి దేశం దాటించే శిక్షపడి ఓడెక్కినవాడు. వెతికిన కొద్దీ వీళ్ళ తాత దొంగే అని తేలింది. వాళ్ళ నాన్నకి ఆ మాట చెప్పలేక కుర్రాడికి అన్నం సహించలేదు.

ఆవేళ పెద్దల అమావాస్య. పోయిన మా ఆయనకీ, మా పెద్దలకీ వంటింటి కిటికీలో ఆకేసి గారెలు పెడుతున్నాను.

"నీ తాతకీ పెట్టరా," అన్నాను.

"దొంగకా ఆంటీ?"

"మా తాత మాత్రం? పెళ్ళిపీటల మీంచి పారిపోయి ఈ దేశానికి ఓడెక్కాడు. ఆయనకీ పెడుతున్నాగా!"

పకపకా నవ్వాడు. "ఓడలో ఆకలేసుంటుంది, పాపం," అంటూ రెండు గారెలు పెట్టాడు. కాకికి బదులు గోరింక వచ్చి ముక్కున కరుచుకుపోయింది. వెంటనే ఫోన్ అందుకుని, "నాన్నా, మనం గొర్రె దొంగలం!" అని అరిచాడు. అవతల ఆ పెద్దాయన నవ్విన నవ్వు వంటింట్లో నాకు వినబడింది.