కిరీటమైపోయిన మా ఊత

ప్రపంచ సంస్కృతుల మ్యూజియం వారి పాండిత్యాన్ని శంకిస్తున్నందుకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మొన్న అక్కడ అద్దాల పెట్టెలో మన ఊత కనిపించింది. కోనసీమలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అడుగు లేని ఆ వెదురు బుట్ట. కాలవ ఎండే రోజుల్లో దాన్ని బురదనీళ్లలో గభాల్న దించి, పై మూతిలోంచి చెయ్యి పెట్టి కొరమీను కోసం తడిమేవాళ్లం. తర్వాత ఎంత సబ్బు రుద్దినా మోచేతుల దాకా నీచువాసన పోయేది కాదు.

ఆ మహానుభావులు దానికి రెండు లైట్లు వేసి, "తెగ నాయకుడి కిరీటం. ముట్టుకోరాదు" అని చీటీ పెట్టారు.

కాట్రేనికోనలో ఊతలు అల్లుతూనే ముసలివాడైన మా తాతయ్య కూడా నాతో వచ్చాడు. అక్కడి అధికారిని అడిగాడు. "ఆయ్, మరి నెత్తిన పెట్టుకుంటే చేపలెలా పడతాయండీ?"

"ఇది పరిశోధనండీ తాతగారూ, మీకు తెలీదు" అని ఆయన జాలిగా నవ్వాడు. జన్మలో బురదలో కాలుపెట్టని పరిశోధన!

తాతయ్య నావైపు తిరిగాడు. "చదువుకున్నోడివి, నువ్వు చెప్పరా."

మాతో వచ్చిన నా కాలేజీ స్నేహితులంతా పక్కనే నిలబడి చూస్తున్నారు.

నేను చేసింది ఒక్కటే. "సార్ చెప్పిందే కరెక్టు తాతయ్యా" అన్నాను.